మే నెల ఎండలో డీఎస్‌జీ, జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సులు

రోహిణి కార్తెలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 డిగ్రీలు దాటినా, హైవే మీద నిలకడగా వందలో పోయే కారు గేర్‌బాక్సుకు పెద్ద కష్టం ఉండదు. అదే కారు అదే సాయంత్రం కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ పాకితే మాత్రం గేర్‌బాక్సు ఉడికిపోతుంది. క్లచ్ గానీ టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే భాగం) గానీ జారినప్పుడల్లా లోపల వేడి పుడుతుంది. ఇంజిన్ ఇచ్చిన శక్తిలో ఆ జారుడు దగ్గర పోయినదంతా వేడిగానే మారుతుంది. ఎండ పని ఆ వేడిని త్వరగా బయటికి పోనివ్వకపోవడం. అందుకే నా ఉద్దేశంలో ముందు తగ్గించాల్సింది జారుడు. కూలర్లు, ఖరీదైన ఆయిళ్లు ఆ తర్వాతి మాట.

ముందు మీ కారులో ఏ రకం గేర్‌బాక్సు ఉందో తెలుసుకోండి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే సలహా ఇంకొకదానికి పనికిరాదు.

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, టైగున్, స్కోడా స్లావియా, కుషాక్‌లలో 1.5 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఆటోమేటిక్ అయినా, పాత పోలో జీటీ టీఎస్‌ఐ అయినా అందులో ఉండేది డీక్యూ200. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఇది. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దీని క్లచ్ ప్లేట్ల మీద ఆయిల్ పడదు. వాటి చుట్టూ ఉండే గూడు, అంటే బెల్ హౌసింగ్‌లో ఉన్న కాస్త గాలే వాటికి చల్లదనం. 1, 3, 5, 7 గేర్లకు ఒక క్లచ్. 2, 4, 6, రివర్స్‌కు ఇంకోటి. బ్రేక్ సగం వదిలి కారును పాకిస్తున్నంతసేపూ ఏదో ఒక క్లచ్ రాసుకుంటూనే ఉంటుంది. ఒకటి, రెండు గేర్ల మధ్య ఊగిసలాడే వేగంలో అయితే రెండూ వంతులవారీగా వేడెక్కుతాయి. ఈ గేర్‌బాక్సును 250 ఎన్‌ఎం టార్క్‌కు తయారు చేశారు, 1.5 టీఎస్‌ఐ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే సరిగ్గా 250 ఇస్తుంది. అంటే రీమ్యాప్ చేసి (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి) 300 దాటించిన కారులో మిగులు అంటూ ఏమీ లేదు. వేసవిలో సిటీలోనే తిరిగే డీక్యూ200 కారుకు రీమ్యాప్ వద్దనే చెప్తాను.

ఈ గేర్‌బాక్సుకూ వేడికీ పాత లెక్క ఒకటుంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల డీక్యూ200 కార్లను వెనక్కి పిలిచి, గేర్‌బాక్సులోని సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఉన్న చోట్ల, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో సింథటిక్ ఆయిల్ వల్ల గేర్‌బాక్సు కరెంటు సరఫరాలో లోపం రావచ్చన్నది కారణం. అప్పటి పాత కారు కొంటుంటే ఆ మార్పు జరిగిందో లేదో సర్వీస్ హిస్టరీలో చూడండి.

స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230లో ఉన్నది డీక్యూ250. ఆరు గేర్ల వెట్ క్లచ్. ఇక్కడ క్లచ్‌ల మీదకి ఆయిల్ ధార కొడుతుంది, అవసరమైతే నిమిషానికి 20 లీటర్ల దాకా. క్లచ్ నుంచి చిమ్మిన ఆయిల్ ఎంత వేడిగా ఉందో చూడటానికి విడిగా సెన్సర్ ఉంది. గేర్‌బాక్సు ఉష్ణోగ్రత 138 డిగ్రీలు దాటితే మెకట్రానిక్ (గేర్‌బాక్సును నడిపే కంట్రోల్ యూనిట్) ఇంజిన్ టార్క్ తగ్గించమంటుంది, 145 దాటితే క్లచ్‌లు పూర్తిగా తెరిచేస్తుంది. ట్రాక్ మీద ఉన్నట్టుండి పికప్ పడిపోతే చాలామంది ముందు టర్బోను అనుమానిస్తారు. దానికంటే ముందు ఈ అంకె చూడాలి.

ఎం340ఐ లాంటి బీఎండబ్ల్యూల్లో జెడ్‌ఎఫ్ కంపెనీ తయారు చేసే 8 హెచ్‌పీ, అంటే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు. కన్వర్టర్ లాకప్ అయ్యాక, అంటే దాని రెండు వైపులూ ఒకటిగా బిగుసుకున్నాక, జారుడు దాదాపు ఉండదు, కాబట్టి మామూలు నడకలో ఈ మూడింటిలోకీ ఇదే నిబ్బరంగా ఉంటుంది. దీన్ని అన్నిటికంటే ఎక్కువగా ఉడికించేది: బ్రేక్ తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇవ్వడం. లెక్క చూడండి. అలా తొక్కిపట్టినప్పుడు 50 కిలోవాట్లు కన్వర్టర్‌లో కరుగుతున్నాయనుకుంటే, ఐదు సెకన్లకు 250 కిలోజౌళ్లు. ఆ ఐదు సెకన్లలో కన్వర్టర్‌లో ఉన్న మూడు కిలోల ఆయిల్ మాత్రమే ఆ వేడంతా తాగిందనుకుంటే దాదాపు 40 డిగ్రీలు పెరుగుతుంది. ఇలా తొక్కిపట్టి ఒక్కసారిగా దూకించే లాంచ్‌లు వరుసగా మూడు చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. లాంచ్‌కీ లాంచ్‌కీ మధ్య కొన్ని కిలోమీటర్లు మామూలుగా నడపండి.

కొలవకుండా చేసే పని ఏదైనా గుడ్డి పనే. డ్యాష్‌బోర్డు మీద కనిపించేది ఇంజిన్ వేడి, గేర్‌బాక్సుది కాదు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లకు వీసీడీఎస్ గానీ ఓబీడీ ఇలెవెన్ గానీ, బీఎండబ్ల్యూకు బిమ్మర్‌లింక్ గానీ, ఇలాంటి స్కానర్ పెట్టి గేర్‌బాక్సు విలువలు చూడొచ్చు. డీక్యూ200లో కనిపించే క్లచ్ ఉష్ణోగ్రత సెన్సర్ కొలిచింది కాదు, సాఫ్ట్‌వేర్ అంచనా. అది ఎంత అన్నదానికంటే ఎంత వేగంగా పెరుగుతోందన్నది చూడండి. ఆయిల్ వేడి చూడాల్సిన డీక్యూ250, జెడ్‌ఎఫ్‌లకు మాత్రం నేను పెట్టుకునే హద్దులివి: 80 నుంచి 100 మామూలు, 110 దాటితే దూకుడు తగ్గించాలి, 120 దాటితే ఆ రోజుకు వేగం చాలు. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది వర్క్‌షాపుల్లో వాడే ఉజ్జాయింపు. 90లో ఏళ్ల తరబడి నిలిచే ఆయిల్ 120లో ఎందుకు నల్లబడుతుందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

ట్రాఫిక్‌లో డీఎస్‌జీ నడిపే పద్ధతి ఇది. ముందు కారుకు రెండు మూడు కార్ల ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఏర్పడ్డాక బ్రేక్ పూర్తిగా వదిలి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ పూర్తిగా పట్టుకునేలా కదలండి, మళ్లీ పూర్తిగా ఆపండి. పక్క లేన్ వాళ్లు దూరతారు, దూరనివ్వండి. ఆగినప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కితే క్లచ్ తెరుచుకుంటుంది, ఆటో హోల్డ్ ఉంటే అదే ఆ పని చేస్తుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా న్యూట్రల్‌లో వేయాల్సిన పని లేదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఒకటో గేరులోనే ఉంచితే ఒకటి–రెండు గొడవ పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టి ఉంచడం మాత్రం మహా పాపం. అర నిమిషంలో డ్రై క్లచ్ వాసన వస్తుంది.

ఘాట్ ఎక్కేటప్పుడు, తిరుమల రెండో ఘాట్ అయినా అనంతగిరి మీదుగా అరకు అయినా, డీ మోడ్‌లో వదిలేస్తే గేర్‌బాక్సు ప్రతి మలుపుకీ పై గేరుకీ కింది గేరుకీ తిరుగుతుంది. మాన్యువల్‌లో రెండో మూడో పెట్టి 2500, 3500 ఆర్పీఎం మధ్య ఉంచండి. శబ్దం ఎక్కువొస్తుంది, వేడి తక్కువ పుడుతుంది. దిగేటప్పుడు కూడా అవే గేర్లు. గేర్‌బాక్సు వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చి ఆగమని చెప్తే మారు ఆలోచించకుండా పక్కకు తీసి పీ (పార్క్)లో పెట్టండి.

ట్రాక్ అయితే, మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైకే కాబట్టి, మార్చి తర్వాత ఉదయపు సెషన్లు మాత్రమే తీసుకోండి. ఐదారు వేగపు ల్యాపుల తర్వాత ఒక చల్లార్చే ల్యాప్ ఉండాలి: పెద్ద గేరు, తక్కువ థ్రాటిల్, బ్రేక్ దాదాపు లేకుండా. పిట్‌లోకి రాగానే ఇంజిన్ ఆపొద్దు. డీక్యూ250లో, జెడ్‌ఎఫ్‌లో ఆయిల్ పంప్‌ను తిప్పేది ఇంజినే. పీలో రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదిలితే ఆయిల్ హీట్ ఎక్స్ఛేంజర్ గుండా తిరుగుతూ చల్లబడుతుంది.

ఆ హీట్ ఎక్స్ఛేంజర్ దగ్గరే చాలా కార్లకు అసలు తంటా. ఆయిల్ వేడిని అది ఇంజిన్ కూలెంట్‌కు అప్పగిస్తుంది. కూలెంటే 105లో ఉంటే ఆయిల్ అంతకంటే కిందికి దిగలేదు. కాబట్టి గేర్‌బాక్సు వేడి అని వచ్చిన కారుకు ముందు చూడాల్సింది రేడియేటర్. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ ముక్కలు పేరుకుంటాయి. పై కవర్ తీసి టార్చి వేస్తే కనిపిస్తాయి. మామూలు కుళాయి ఒత్తిడితో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్నులు వంగిపోతాయి. ఫ్యాన్ రెండు వేగాల్లోనూ తిరుగుతోందా చూడండి. కూలెంట్‌లో బోరు నీళ్లు కలిపితే సున్నం పేరుకుని ఎక్స్ఛేంజర్ సన్నని దారులు మూసుకుపోతాయి. డీమినరలైజ్డ్ వాటర్ మాత్రమే వాడాలి, సగానికి సగం.

ఇక ఆయిల్ మార్పు. డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకు మార్చమని కంపెనీ మాట. హైదరాబాద్ ట్రాఫిక్, అప్పుడప్పుడు ట్రాక్ ఉన్న కారుకు 40,000కే మార్చాలన్నది నా అభిప్రాయం. మొత్తం 7.2 లీటర్లు పడుతుంది, మార్చినప్పుడు వచ్చేది ఐదు లీటర్ల పైచిలుకు. కారు నాలుగు వైపులా సమానంగా లేపాలి. కింద డ్రెయిన్ ప్లగ్ తీశాక కొద్దిగానే కారుతుంది. లోపల నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాన్ని 8 ఎంఎం అలెన్ కీతో విప్పితేనే మిగతాది దిగుతుంది. పైన ఫిల్టర్ మార్చి మూత 20 ఎన్‌ఎం బిగించాలి. గొట్టాన్ని తిరిగి 3 ఎన్‌ఎం మాత్రమే, అంతకు మించితే విరుగుతుంది. సుమారు 5.2 లీటర్లు పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి ఒక్కో గేర్ స్థానంలో మూడు సెకన్లు ఉంచి, తిరిగి పార్క్ స్థానానికి రావాలి. స్కానర్‌లో ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగానే ప్లగ్ తీయాలి. ఎక్కువున్న ఆయిల్ ఆ గొట్టం మీదుగా పొర్లి ధారగా వస్తుంది. ధార తెగి బొట్లుగా మారగానే కొత్త వాషర్‌తో ప్లగ్ పెట్టి 45 ఎన్‌ఎం బిగించాలి. ఒక్క చుక్కా రాకపోతే ఆయిల్ తక్కువైనట్టే, ఇంకా పోయాలి.

మన వేసవిలో ఈ పని చెడేది ఇక్కడే. మే మధ్యాహ్నం షెడ్డులో గాలే 42 ఉంటే, ఇంజిన్ పెట్టిన కొద్ది నిమిషాల్లో ఆయిల్ 45 దాటేస్తుంది. 60లో లెవెల్ చూస్తే, వేడికి ఉబ్బిన ఆయిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ బయటికి పోతుంది. చల్లబడ్డాక లోపల తక్కువ మిగులుతుంది. గట్టి మలుపులో పంప్ గాలి పీలుస్తుంది, నురగ పడుతుంది, క్లచ్‌కు ప్రెషర్ చాలక జారుతుంది, జారుడు మళ్లీ వేడి. రాత్రంతా షెడ్డులోనే వదిలి ఉదయం ఏడింటికి మొదలుపెట్టమని మెకానిక్‌కు చెప్పండి. ఎక్కువ పోసినా ఇదే గతి, గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి.

జెడ్‌ఎఫ్ 8 హెచ్‌పీకి లైఫ్‌టైమ్ ఆయిల్ అని షోరూమ్‌లో అంటారు. గేర్‌బాక్సు తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. నేను జెడ్‌ఎఫ్ మాటే వింటాను. ప్లాస్టిక్ పాన్‌లోనే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి, బోల్టులు 10 ఎన్‌ఎం. లెవెల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. పాత పాన్ అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉంటే భయం లేదు. రేకుల్లా మెరిసే ముక్కలుంటే ఆయిల్ మార్పుతో ఆగే పని కాదది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ట్రాక్ మీద ఇంకా 120 దాటుతుంటేనే అదనపు ఎయిర్ కూలర్. దాన్ని కంపెనీ హీట్ ఎక్స్ఛేంజర్ తర్వాత సిరీస్‌లో కలపాలి, ఎక్స్ఛేంజర్ తీసేయొద్దు. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే చలికాలపు ఉదయాల్లో ఆయిల్ వేడెక్కక గేర్లు గట్టిగా పడతాయి. స్టాక్డ్ ప్లేట్ (పలకలు పేర్చినట్టుండే) కూలర్‌ను కండెన్సర్‌కు అతికించకుండా, గాలి సూటిగా తగిలేచోట పెట్టండి. డీక్యూ200కి ఇది దండగ, దాని క్లచ్‌ల మీదకి ఆయిలే వెళ్లదు కదా. కూలర్, పైపులు కలిసి పట్టే ఆయిల్‌ను అదనంగా పోసి లెవెల్ మళ్లీ చూడాలి. 500 కిలోమీటర్ల తర్వాత ప్రతి ఫిట్టింగ్‌నూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. చెమ్మ కనిపిస్తే బిగించి, లెవెల్ ఇంకోసారి.