ఊటీ ప్లాను, రెండు వానల మధ్య

తమ్ముడు సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఊటీ ప్లాను ఇప్పటికీ బుర్రలో తిరుగుతూనే ఉంది. గ్రూపులో రాస్తే మరదలు నొచ్చుకుంటుంది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి లైనే ఇలా ఉంది: "అక్టోబరు చివరి వారం, ఆఫ్ సీజన్, రూములు సగం రేటు." సగం రేటన్నది నిజమే. ఏప్రిల్, మే నెలల్లో బతిమాలినా దొరకని గది అక్టోబరులో మామూలు రోజుల్లో సగానికి ఇస్తారు, ఫోన్ చేసి మాట్లాడితే టిఫిను కూడా కలుపుతారు. కానీ రూము రేటు తగ్గినంత మాత్రాన వాన తగ్గదు కదా. ఊటీకి ఏడాదిలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మనం నెల్లూరు ఏమవుతుందో అని కంగారు పడతాం. ఆ ఈశాన్య రుతుపవనాల వానే నీలగిరుల తూర్పు వాలు మీదా కురుస్తుంది. 2009 నవంబరులో కూనూరు, కేత్తి వైపు కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. అత్తయ్యని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు ఈ సంగతి మొదటి లైనులో ఉండాలి, రూము రేటు కాదు.

అసలు అక్కడివాళ్లు సెప్టెంబరు, అక్టోబరుల్ని రెండో సీజన్ అంటారు. బొటానికల్ గార్డెన్‌లో దానికోసం వేల పూలకుండీలు సిద్ధం చేస్తారు. ఆయుధపూజ, విజయదశమి సెలవులకి బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి, ఆ మూడు నాలుగు రోజులూ రేట్లు మే నెలకి ఏమీ తీసిపోవు. దీపావళి వారాంతం కూడా అంతే. సగం రేటు కావాలంటే పండగ లేని వారంలో సోమవారం ఎక్కి గురువారం దిగాలి.

ఇంతవరకూ ఫరవాలేదు. నాకు చిరాకు తెప్పించింది వాడి కారు ప్లాను. శుక్రవారం సాయంత్రం 5 గంటలకి బెంగళూరులో బయల్దేరి రాత్రికల్లా ఊటీ చేరతాడట! బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. బెంగళూరు నుంచి ఆ గేటు దాదాపు 220 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం ఊరి ట్రాఫిక్ దాటి, మధ్యలో భోజనానికి ఆగితే పదింటికి గానీ చేరడు. చేరి ఏం చేస్తాడు? వెనక్కి గుండ్లుపేట వచ్చి ఏ లాడ్జిలోనో పడుకోవాలి. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి పైన ఉండొచ్చు. ఈ చిన్న లెక్క వేసుకోవడానికి ఏమైంది?

తిరుగు ప్రయాణం ఇంకా దారుణం. కల్హట్టి ఘాట్ మీదుగా మసినగుడికి దిగుతాడట, "షార్ట్‌కట్ అక్కా" అని రాశాడు. 36 హెయిర్‌పిన్ మలుపులు, నిట్టనిలువు వాలు. నీలగిరి జిల్లా నంబరు, అంటే టీఎన్ 43, లేని బండ్లని ఆ దారిన కిందికి దిగనివ్వరు. కారణం కూడా సులువుగా అర్థమయ్యేదే. కింది ఊళ్లలో నడిపే అలవాటున్నవాళ్లు మూడో గేరులో ఉంచి, బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతారు. ప్యాడ్లు, బ్రేక్ ఆయిలు కాగిపోతాయి, పెడల్ మెత్తబడుతుంది, ఆ తరవాత ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలి, అంటే మొదటిదో రెండోదో. ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంటే మలుపు ముందు మాత్రం బ్రేకు తొక్కి వదలాలి. గూడలూరు మీదుగా దిగితే దూరం ఎక్కువే, కానీ వాలు తక్కువ, రోడ్డు వెడల్పు. వాడు ఆ దారినే దిగాలి, ఇందులో బేరం లేదు.

ఇక మొదటి రోజే దొడ్డబెట్ట, బొటానికల్ గార్డెన్, రోజ్ గార్డెన్, బోటు షికారు, టీ ఫ్యాక్టరీ, మళ్లీ కూనూరు దిగి సిమ్స్ పార్కు, డాల్ఫిన్స్ నోస్! ఊటీ నుంచి కూనూరుకే 18 కిలోమీటర్లకి పైన, డాల్ఫిన్స్ నోస్ ఇంకో పదో పన్నెండో. ఘాట్ రోడ్డులో గంటకి 20 కిలోమీటర్లు పోతే గొప్ప. ఈ నెలల్లో సాధారణంగా పొద్దున తెరిపి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక మబ్బు దిగి వాన మొదలవుతుంది. 2,637 మీటర్ల దొడ్డబెట్ట మీదికి మూడింటికి వెళ్తే కనిపించేది తెల్లటి పొగమంచే. చూడాల్సిందేదైనా పొద్దున ఒక్కటి పెట్టుకుని, మధ్యాహ్నం గదిలో ఉండాలి. అవలాంచి అడవి వైపు వెళ్లాలంటే అటవీశాఖ బండిలోనే వెళ్లాలి, భారీవాన హెచ్చరిక ఉన్న రోజు అదీ మూసేస్తారు. అక్కడ 2019 ఆగస్టులో ఒక్క రోజులో 80 సెంటీమీటర్లు దాటి కురిసింది.

ఇన్ని రాశాడు కానీ నీలగిరి కొండ రైలు మాట లేదు వాడి ప్లానులో. పిల్లలకి చూపించాల్సింది అదే కదా!

కొండ కింద మెట్టుపాళెంలో పొద్దున 7 గంటల 10 నిమిషాలకి బయల్దేరుతుంది. కల్లార్ దాకా మామూలు రైలే. అక్కడినుంచి రెండు పట్టాల మధ్య మూడోది మొదలవుతుంది. దగ్గరగా చూస్తే అది ఒకటి కాదు, పక్కపక్కనే రెండు ఇనప పట్టీలు, రంపంలా పళ్లు. ఒకదానిలో పన్ను ఉన్నచోట రెండోదానిలో ఖాళీ ఉంటుంది. ఇంజన్ అడుగున తిరిగే పళ్ల చక్రాలు వాటిలో పడి పట్టుకుంటాయి. పళ్లు అలా ఎడంగా ఉండబట్టి ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టులోనే ఉంటుంది. ఆ పట్టులోకి ఎక్కేటప్పుడు రైలు దాదాపు ఆగినట్టే అయి, పెట్టె అడుగునుంచి కటకటమని చప్పుడు కాళ్లకి తెలుస్తుంది. పన్నెండు అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి ఎక్కే వాలు అది. ఇంజన్ వెనకనుంచి తోస్తుంది, లాగదు. ఎక్కినా దిగినా పెట్టెలకి కింది వైపే ఇంజన్ ఉంటుంది, జారితే ఆపడానికి. ప్రతి పెట్టె ముందు వసారాలో ఒక బ్రేక్‌మన్ నిలబడి ఉంటాడు, కూత విని చేత్తో బ్రేకు తిప్పుతాడు. హిల్‌గ్రోవ్‌లో ఇంజన్‌కి నీళ్లు పట్టడానికి ఆగుతుంది, మన చేతిలో పొట్లం ఉంటే కోతులు లాక్కుపోతాయి. కూనూరు దాకా లైను 1899లో వచ్చింది, ఊటీకి 1908లో. 46 కిలోమీటర్లు, 208 వంపులు, 16 సొరంగాలు, దాదాపు ఐదు గంటలు. కూనూరులో ఆవిరి ఇంజన్ తీసి డీజిల్ తగిలిస్తారు, పళ్ల పట్టా అక్కడితో అయిపోతుంది.

ఇది రాస్తుంటేనే ఆలోచన మారింది. ఊటీలో దిగుదామనే ఇందాకటిదాకా అనుకున్నాను. పళ్ల పట్టా అంతా కూనూరు లోపే అయిపోతున్నప్పుడు అక్కడే దిగి అక్కడే ఉంటే? పదిన్నరకల్లా చేరతాం, అత్తయ్యకి ఇంకో గంటన్నర కూర్చునే బాధ తప్పుతుంది. ఊటీ 2,240 మీటర్లు, కూనూరు 1,850, చలి రెండు మూడు డిగ్రీలు తక్కువ.

అయితే వాన సంగతి ఇక్కడ తేలాలి. నైరుతి గాలి పడమటినుంచి వస్తుంది, దొడ్డబెట్ట వరుస దాన్ని చాలావరకు ఆపుతుంది కాబట్టి సెప్టెంబరు దాకా కూనూరు, కోటగిరి వైపు తెరిపి ఎక్కువ. ఈశాన్యం మొదలయ్యాక తలకిందులు, మొదట తడిసేది ఆ తూర్పు వాలే. కల్లార్, కూనూరు మధ్య రాళ్లు, చెట్లు పట్టాల మీద పడి రైలు రోజుల తరబడి ఆగేది అప్పుడే. కాబట్టి కూనూరు అంటే సెప్టెంబరు మూడో వారం. అక్టోబరు చివరే కుదురుతుందంటే ఊటీలోనే ఉండి, రైలు సరదా ఊటీ, కూనూరు మధ్య తీర్చుకోవాలి. కింద చరియలు పడ్డా ఆ ముక్క చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది. నా ఓటు సెప్టెంబరుకే. పిల్లల పరీక్షల సంగతి ఈయన స్కూల్లో కనుక్కుంటానన్నారు.

మేం వెళ్లేది ఇలా: పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్, రాత్రి అక్కడే నీలగిరి ఎక్స్‌ప్రెస్. అది తెల్లారేసరికి మెట్టుపాళెం చేరుతుంది, కొండ రైలు ఎదుట ప్లాట్‌ఫారం మీదే. గుంటూరు వెళ్లి శబరి ఎక్కితే మారే పని లేకుండా కోయంబత్తూరు, కానీ అది చేరేసరికి కొండ రైలు వెళ్లిపోయి ఉంటుంది. టికెట్లు 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకి తెరుస్తారు, సీట్లు కొద్దే కాబట్టి ముందు కొండ రైలు, తరవాతే మిగతావి. వెతికేటప్పుడు ఊటీకి ఉదగమండలం అని కొట్టాలి. రైలు రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే వస్తుంది.

గది ఖాయం చేసేముందు అడగాల్సినవి: వేడినీళ్లు ఏ వేళల్లో, రూం హీటరుకి విడిగా ఎంత, రోడ్డునుంచి గదికి మెట్లు ఎన్ని. కొండవాలు కాటేజీలు చాలావరకు రోడ్డుకి కిందుంటాయి, 40 మెట్లు దిగి ఎక్కడం అత్తయ్య మోకాళ్ల వల్ల కాదు. పొద్దుటెండ పడే గది కావాలి, లేకపోతే దుప్పట్లు చెమ్మ వాసన. తడిసిన నూలు బట్టలు అక్కడ ఆరవు, సాక్సులు రెట్టింపు పెట్టాలి. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు జిల్లాలో నిషేధం, స్టీలు సీసాలు పెట్టుకుంటే నీళ్ల ఏటీఎంలలో నింపుకోవచ్చు.

కారుకి ఈ-పాస్ కావాలి, 2024 మే నుంచి ఉంది. ప్రభుత్వ బస్సులో, రైల్లో వెళ్లేవాళ్లకి అక్కర్లేదు. బండి నంబరు, ఎంతమంది, ఏ తేదీలు, ఎక్కడ బస అన్నవి నింపాలి. తమ్ముడు కొత్త కారు నంబరు పంపితే నేనే తీసేస్తాను, వాడికి వదిలితే చెక్‌పోస్టు దగ్గర ఫోన్ చేస్తాడు.