తొమ్మిదో గేటు దగ్గర ఆగిపోయిన కాలు

నిన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద ముప్పై ఒకటో గేటు దాకా ఎక్కడా ఆగకుండా నడిచాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. మొత్తం 70 గేట్ల బ్యారేజీ అది, ఈ చివర నుంచి ఆ చివరకు పన్నెండు వందల మీటర్ల పైచిలుకు. బడిపిల్లలు మాట్లాడుకుంటూ దాటేస్తారు. కానీ సంక్రాంతి నాటికి నేను తొమ్మిదో గేటు దాటలేకపోయేవాడిని. (గేట్ల లెక్క నాది. దుర్గగుడి వైపు నుంచి ఒకటి, రెండు అని నేనే వేసుకున్నాను. శాఖవారి నంబర్లతో పోల్చి తప్పు పట్టవద్దు.)

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి దిగిపోయినవాడిని. ముప్పై ఏళ్లు కాలువగట్ల మీదే గడిచింది. బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల వెంట రోజుకు పదేసి కిలోమీటర్లు తిరిగిన కాళ్లు ఇవి. నడక గురించి నాకు ఎవరైనా చెప్పబోతే ఒళ్లు మండేది. వరదల్లో రాత్రి కాపలాలు కాసేటప్పుడు ఆ గట్ల మీదే సిగరెట్టు కూడా అలవాటయింది. రోజుకు ఒక పెట్టె, ఒక్కోసారి రెండు.

మొదట కుడి పిక్క పట్టేసినట్టు ఉండేది. కొంత దూరం నడవగానే ఎవరో లోపలి నుంచి గుప్పిట బిగించినట్టు నొప్పి. ఆగితే రెండు మూడు నిమిషాల్లో మాయం. మళ్లీ అంతే దూరం, మళ్లీ అదే నొప్పి. ఒకాయన నరాల బలహీనత అని బి12 ఇంజెక్షన్లు రాశాడు. ఇంకొకాయన నడుములో పూసలు అరిగాయని బెల్టు కట్టించాడు. మూడో చోట నడుము లాగే యంత్రం మీద పదిహేను రోజులు పడుకోబెట్టారు. అలా ఎనిమిది నెలలు తిరిగితే ఒక్కరూ నా మేజోళ్లు విప్పమనలేదు. ఈ మాట నేను ఎక్కడికి వెళ్లినా చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను. కాలి నొప్పి అని వెళ్లినప్పుడు కాలు ముట్టుకోని డాక్టరుకు ఫీజు ఇవ్వకండి.

చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: “నొప్పి వచ్చినప్పుడు ఊరికే నిలబడితే పోతుందా, కూర్చుంటేనే పోతుందా?” నిలబడితే చాలు పోతుందన్నాను. నడుము పూసల నొప్పయితే కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలట. నిలబడ్డంత మాత్రాన పోయేదైతే రక్తం అందని నొప్పి అని అనుమానించాలట. మేజోడు తీయించి పాదం మీద రెండు వేళ్లు పెట్టాడు. ఎడమ కాలిలో నాడి తగిలింది. కుడి కాలిలో వెతికి వెతికి ఊరుకున్నాడు.

తరువాతి పరీక్ష తేలిక. చేతికీ కాలికీ బీపీ చూసి, చీలమండ దగ్గరి అంకెను చేతి అంకెతో భాగిస్తారు. నా చేతిలో 140, కుడి చీలమండలో 87. అంటే 0.62. 0.90 కంటే తగ్గితే కాలి రక్తనాళం ఎక్కడో సన్నబడినట్టు, లేదా మూసుకుపోయినట్టు. నాకు తొడలో మూసుకుపోయింది, నొప్పి పిక్కలో వచ్చింది. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. పైన తూము దగ్గర అడ్డం పడితే ఏడ్చేది ఎప్పుడూ చివరి భూముల రైతే.

నడుమ ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి కూడా వెళ్లాను. అక్కడ కుర్చీలో కూర్చోకముందే స్టెంటు మాట వచ్చింది. సంతకం చేస్తే రేపే వేసేస్తామన్నారు, ప్యాకేజీ కాగితం కూడా చేతిలో పెట్టారు. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు ఆ కాగితం చూపిస్తే, పడుకున్నప్పుడు నొప్పి లేదు, కాలి మీద పుండు లేదు, ముందు మందులు, నడక, ఆ తరువాతే మిగతావి అన్నాడు. రక్తం గడ్డకట్టకుండా ఒక బిళ్ల, కొలెస్ట్రాల్‌కు ఒక బిళ్ల రాశాడు. సిగరెట్టు ఆ రోజే మానేయమన్నాడు. మానేశాను. ఆ మూడు వారాలు ఇంట్లో నన్ను భరించినందుకు మా ఆవిడకు దండ వేయాలి.

ఇక ఆరు నిమిషాల నడక పరీక్ష. పేరు వింటే పిల్లల ఆటలా ఉంటుంది. ఆసుపత్రి వరండాలో ముప్పై మీటర్లు కొలిచి, రోడ్డు పనుల దగ్గర కనిపించే ఎర్ర టోపీల్లాంటివి రెండు చివరలా పెట్టారు. ఆరు నిమిషాల్లో వాటి మధ్య ఎంత దూరం వీలైతే అంత తిరగాలి, పరుగెత్తకూడదు. వరండాకు రెండు పక్కలా బల్లలు. బల్లల నిండా రోగుల బంధువులు, టిఫిన్ క్యారియర్లు, ఫ్లాస్కులు, పొద్దుటి నుంచి తోచక కూర్చున్న జనం. వాళ్లందరికీ ఆ పూట కాలక్షేపం నేను. తోడుగా నా తోడల్లుడిని తీసుకువెళ్లడం నేను చేసిన రెండో తప్పు. మొదటి తప్పు, వెళ్లేముందు అతనితో “ముప్పై ఏళ్లు గట్టు మీద నడిచినవాడికి వరండా ఒక లెక్కా?” అనడం.

ఫిజియోథెరపీ అమ్మాయి చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని “మొదలుపెట్టండి” అంది. దర్జాగా బయలుదేరాను. మొదటి నిమిషం కాగానే “బాగా చేస్తున్నారు, ఇంకా అయిదు నిమిషాలు ఉంది” అంది. సంతోషించాను. మూడో చుట్టు (ఒక టోపీ నుంచి ఇంకో టోపీ దాకా ఒక చుట్టు) ముగిసేసరికి పిక్క పట్టడం మొదలైంది. పళ్లు బిగించి నాలుగో చుట్టు తిరిగాను. అయిదో చుట్టు చివర కాలు నాది కాకుండా పోయింది. గోడ పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే, అదే గొంతుతో, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆ అమ్మాయి “బాగా చేస్తున్నారు, సగం పూర్తయింది” అంది.

బల్ల మీద ఎవరో ఫక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కావాలనే వెక్కిరిస్తోందనుకున్నాను. నేను ఆగినా స్టాప్‌వాచీ ఆగదని అప్పుడే తెలిసింది. గోడకు ఆనుకుని ఉన్నంతసేపూ నా నిమిషాలు కరిగిపోతున్నాయి. క్యారియరు పట్టుకుని నా పక్కనుంచే గబగబా వెళుతున్న డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ ఆగి, “నాయనా, కూర్చుంటావా, బల్ల మీద చోటుంది” అంది. ఆవిడ జాలికి మండిపడాలో దండం పెట్టాలో తెలియలేదు. తోడల్లుడు దూరం నుంచే, వరండా అంతా వినేలా, “అన్నయ్యా, పొద్దున టిఫిన్ తినలేదా?” అని కేకేశాడు. గోడ వదిలి మళ్లీ ఈడ్చుకుంటూ నడిచాను. ఆరు నిమిషాలు పూర్తయ్యేసరికి ఏడు చుట్లూ నాలుగు మీటర్లూ. 214 మీటర్లు. ఆ అంకె ఆ వారమే జరిగిన పెళ్లిలో మా బంధువులందరికీ తెలిసిపోయింది. ఎవరు చెప్పారో వేరే రాయనక్కరలేదు.

ఆ అమ్మాయి మీద కోపం నెల రోజులు మోశాను. తరువాత ఆమే చెప్పింది, ఆ మాటలు ఆమె సొంతం కావట. ప్రతి నిమిషానికీ ఏ మాట అనాలో ముందే రాసిపెట్టి ఉంటుందట. ఒకరిని ఎక్కువ ఉత్సాహపరిచి, ఇంకొకరిని తక్కువ పొగిడితే దూరాలు మారిపోతాయి గనుక అందరికీ ఒకే వాక్యం, ఒకే గొంతు. అది విన్నాక కోపం పోయింది. సిగ్గు మాత్రం ఉంది.

ఇక అసలు వైద్యం. డాక్టరు చెప్పినప్పుడు తప్పుగా విన్నాననుకున్నాను. నొప్పి వచ్చేదాకా నడవాలి, వచ్చీ రాగానే ఆగకూడదు. నొప్పిని అయిదులో లెక్కిస్తే మూడు, నాలుగు దాకా రానివ్వాలి. అప్పుడు ఆగి, పూర్తిగా పోయాక మళ్లీ నడవాలి. ఇలా మొదట ముప్పై నిమిషాలు, పెంచుకుంటూ యాభై దాకా. వారానికి కనీసం మూడు రోజులు, కనీసం పన్నెండు వారాలు. నొప్పి వస్తే విశ్రాంతి తీసుకోవాలని పుట్టినప్పటి నుంచి విన్నవాడికి ఇది ఎలా మింగుడుపడుతుంది? (ఒక్క మాట: పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పుట్టేవాళ్లు, కాలి పుండు మానని షుగరు రోగులు ఇది చదివి బయలుదేరవద్దు. వాళ్లు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.)

పార్కులో తెలిసిన ముఖాలు ఎక్కువని బ్యారేజీని ఎంచుకున్నాను. గేట్లు ఉన్నాయి గనుక కొలత కూడా సులువు. అయిదో గేటు దగ్గర నొప్పి మొదలు, తొమ్మిదో గేటు దగ్గర నిలుపుదల. రైలింగు పట్టుకుని కృష్ణను చూస్తున్నట్టు నటించేవాడిని. జర్మనీలో ఈ జబ్బును దుకాణాల అద్దాల జబ్బు అంటారట. నొప్పి వచ్చినప్పుడల్లా రోగి ఏదో ఒక దుకాణం ముందు ఆగి, లోపలి సరుకు చూస్తున్నట్టు నిలబడతాడు గనుక. పరువు కోసం ఎక్కడివాళ్లయినా ఇదే పని చేస్తారన్నమాట. రోజూ అదే స్తంభం దగ్గర అయిదారుసార్లు నీళ్లు చూసే మనిషిని చూసి ఒకరోజు ఒక కానిస్టేబులుకు వేరే అనుమానం వచ్చి, “ఇంట్లో అంతా బాగేనా బాబాయ్?” అని అడిగాడు.

నాలుగు వారాలు ఏ మార్పూ లేదు. అయిదో వారం పదకొండో గేటు దాకా. ఎనిమిదో వారం పదహారు. రోహిణి కార్తెలో తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరేవాడిని.

అంకె పెరిగేకొద్దీ నా ఉపన్యాసాలు కూడా పెరిగాయి. పెద్ద కాలువ పూడిపోయిందయ్యా, చివరి పొలాలు రోజూ గోలపెడితే పక్కనున్న పిల్లకాలువలు, పంట బోదెలు కోసుకుని వెడల్పవుతాయి, నా కాలిలో పక్క రక్తనాళాలకు జరుగుతున్నది అదే అని కనిపించిన వాడికల్లా చెప్పాను. తోడల్లుడికి రెండుసార్లు చెప్పాను. పన్నెండు వారాలు కాగానే చీలమండ బీపీ మళ్లీ తీయమని నేనే అడిగాను, గర్వంగా. 0.64 వచ్చింది. అంటే మారనట్టే. పదహారు గేట్లు దాటుతున్న కాలిలో నీటి మట్టం దాదాపు ఎక్కడిది అక్కడే ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ లెక్కా నన్ను ఇంత తికమక పెట్టలేదు.

డాక్టరు నవ్వి, పిల్లకాలువలు కొంత పెరిగి ఉండవచ్చు, కానీ ఎక్కువ మార్పు పొలంలో జరిగింది అన్నాడు. కండలో సన్నని రక్తకేశనాళికలు పెరుగుతాయట. అందిన ఆక్సిజన్‌ను వాడుకుని శక్తి తయారుచేసే మైటోకాండ్రియా (కణాల్లోని చిన్న భాగాలు) పెరుగుతాయట. నడిచినప్పుడు రక్తం నాళం గోడను రాసుకుంటూ పోతే, ఆ రాపిడికి లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది, దానితో గోడ సడలి దారి ఇస్తుంది. ఆ వాయువు పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. సిగరెట్టు పొగ పాడుచేసేది సరిగ్గా ఆ పొరనే. నేను పొగతో చెడగొట్టుకున్న పొరకు ఇప్పుడు నడకతో మళ్లీ పని నేర్పుతున్నానన్నమాట.

ఇంటికి వస్తూ ఆలోచిస్తే గుర్తొచ్చింది. నీళ్లు తక్కువైన ఏడాది మేము వారబందీ, అంటే నీటికి వంతులు, పెట్టేవాళ్లం. కాలువలోకి చుక్క ఎక్కువ వచ్చేది కాదు. వంతులవారీగా ఇస్తే, బోదెలు శుభ్రం చేసుకుని, తడి ఆరేదాకా ఆగి మళ్లీ పెట్టుకుని, అంతకుముందు రెండు రెట్ల నీళ్లు తాగిన రైతే పంట తీసేవాడు. నా పిక్క ఆ రైతు. తోడల్లుడికి ఫోను చేసి మొదటి పోలిక తప్పని ఒప్పుకుని, ఇది చెప్పాను. “ఇంకా కాలువలేనా అన్నయ్యా” అన్నాడు.

పోయిన వారం మళ్లీ ఆరు నిమిషాల పరీక్ష. అదే వరండా, అవే ఎర్ర టోపీలు, బల్లల మీద కొత్త జనం. నొప్పి అయిదో నిమిషంలో వచ్చింది, గోడ పట్టుకోలేదు. “బాగా చేస్తున్నారు, సగం పూర్తయింది” అని ఆ అమ్మాయి అదే గొంతుతో అన్నప్పుడు, ఈసారైనా వేరే మాట అనమ్మా అన్నాను. నడిచేటప్పుడు మాట్లాడకూడదు సార్ అని సైగ చేసింది. 338 మీటర్లు. తోడల్లుడిని వెంట తీసుకువెళ్లలేదు. అంకె మాత్రం వరండాలోంచే ఫోను చేసి చెప్పాను, బల్లల మీద వాళ్లందరికీ వినబడేలా.