మూడోసారికి కుదిరిన చీక్ రైజర్: నా అనుభవం

మేముండేది టెక్సస్‌లో. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే రైఫిల్ కొన్నాను, ఎందుకంటే హెచ్1బీ మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మనవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియక ఫ్రెండ్స్‌తో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లిపోతుంటారు, దయచేసి ముందు కనుక్కోండి.

నాది చెక్క స్టాక్ (భుజానికీ చెంపకీ ఆనించే వెనక భాగం) ఉన్న సెకండ్ హ్యాండ్ రెమింగ్టన్ 700, 308 క్యాలిబర్. 1962 నుంచి వస్తున్న మోడల్ కాబట్టి విడిభాగాలకి కొదవ లేదు. స్కోప్ (గురి చూసే దుర్భిణి) ముందు అద్దం 50 మిల్లీమీటర్లది, దాన్ని ఎత్తులో బిగించాల్సి వచ్చింది, దాంతో చెంప ఆనాల్సిన చోట గడ్డం ఆనేది. తల గాల్లో ఉంటే కన్ను ప్రతిసారీ ఒకేచోటికి రాదు. 100 గజాల్లో ఐదు రౌండ్లు రెండున్నర అంగుళాల మేర చెదిరిపోయేవి.

చెంపకి ఎత్తు ఇచ్చేలా స్టాక్ మీద బిగించే దిమ్మనే చీక్ రైజర్ అంటారు, దాన్ని కొనేకంటే నేనే డిజైన్ చేద్దామనుకున్నాను. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, స్టాక్ మీద అట్టముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి టేపు వేశాను. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరవగానే స్కోప్‌లో నిండు వలయం కనబడేదాకా అట్టలు పెంచుకుంటూ పోతే 19 మిల్లీమీటర్ల దగ్గర కుదిరింది. స్టాక్ వంపుని కాగితం మీద గీసుకుని ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేశాను. జులైలో ఒక మధ్యాహ్నం దాన్ని కారులో వదిలేస్తే సాయంత్రానికి పట్టీ బిగించిన చోటల్లా నొక్కుకుపోయింది. పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఇక్కడి ఎండలో మూసిన కారులో ఆ వేడి మామూలే. అందుకే 100 డిగ్రీల దాకా తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్‌కి మారాను.

రెండోది గట్టిగానే ఉంది, చెంపకీ హాయిగా ఉంది. క్లీనింగ్‌కి బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) తీయబోతే రాలేదు! బోల్ట్ నేరుగా వెనక్కే బయటికి రావాలి కదా, సరిగ్గా ఆ దారికి నా రైజర్ అడ్డం. మా నాన్న వడ్రంగి, తలుపు ఎక్కడ ఒరుసుకుంటోందో చూడటానికి అంచుకి సుద్ద రాసేవారు. నేనూ బోల్ట్‌కి సుద్ద రాసి వెనక్కి లాగితే రైజర్ ముందు అంచు మీద తెల్లటి గీత పడింది. బోల్ట్ దాదాపు 18 మిల్లీమీటర్ల లావు, అందుకే ఆ గీత వెంబడే 20 మిల్లీమీటర్ల గాడి పెట్టి మూడోది ప్రింట్ చేశాను. బోల్ట్ ఎక్కడా తగలకుండా జారి చేతిలోకి వచ్చేసింది.

గ్రూప్, అంటే తూటాలు చెదిరే మేర, ఒకటిన్నర అంగుళాలకి తగ్గింది. మిగతా తేడా ఎక్కడిదా అని స్టాక్‌కి డయల్ గేజ్ (సన్నటి కదలికని కొలిచే పరికరం) బిగించి, దాని మొన బ్యారెల్‌కి ఆనించి, ఇనుప భాగాన్ని చెక్కకి పట్టి ఉంచే స్క్రూల్లో ముందుది వదులు చేశాను. ఒకటి రెండు గీతలు కదిలితే ఫర్వాలేదు, నాది తొమ్మిది కదిలింది, అంటే ఒక అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. స్క్రూలు బిగించినప్పుడల్లా ఇనుము చెక్కలో వంగి కూర్చుంటోందన్నమాట.

ఇక బెడ్డింగ్, అంటే ఇనుము వంగకుండా కూర్చునేలా చెక్కలో ఎపాక్సీ జిగురుతో అచ్చు పోయడం, తప్పలేదు. రికాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బని చెక్కకి అందించే ఇనుప పలక) చుట్టూ చెక్క కొంచెం గీకి ఎపాక్సీ నింపాలి, ఇనుముకి అది అతుక్కోకుండా ముందుగా బూట్ పాలిష్ రెండు పూతలు వేయాలి, స్క్రూ రంధ్రాల్లో పిల్లలాడుకునే మట్టి కూరాలి. లగ్‌కి ముందు, పక్కల, కింద టేపు అంటించాలి, వెనక వైపు మాత్రం అంటించకూడదు, పేలినప్పుడు దెబ్బంతా తీసుకునేది ఆ వెనక ముఖమే కాబట్టి అక్కడ ఖాళీ మిగలకూడదు. ఆ రాత్రంతా టెన్షనే, పాలిష్ ఎక్కడైనా తప్పి ఉంటే ఇనుమూ చెక్కా ఒకే ముక్క అయిపోతాయి. పొద్దున రబ్బరు సుత్తితో బ్యారెల్ మీద మెల్లగా కొడితే టప్‌మని ఊడింది, లోపల ఎపాక్సీలో లగ్ అచ్చు మూలలతో సహా పడి ఉంది.

ట్రిగ్గర్, చాంబర్ (తూటా కూర్చునే గది) జోలికి నేను పోలేదు. అక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది, అవి లైసెన్సున్న గన్‌స్మిత్ పని. ఇండియాలోనైతే ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ రిపేరు వృత్తికే లైసెన్సు కావాలి, ఇది చదివి అక్కడ ఎవరూ మొదలుపెట్టొద్దు.

నిన్న మళ్లీ గేజ్ పెట్టి చూశాను, సూది ఒక్క గీతే కదిలింది.