జపాన్ చిలగడదుంపలో తీపి తెప్పించడానికి నేను పడ్డ పాట్లు

మొదటిసారి వీటిని కుక్కర్‌లో పెట్టి మూడు విజిళ్లు రాగానే దించేశాను. ఊదా రంగు తొక్క, లోపల మీగడ రంగు గుజ్జు, చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నాయో, తింటే అంత చప్పగా ఉన్నాయి. జపాన్‌లో సత్సుమాఇమో అంటూ అంత ఇష్టంగా తినే దుంప ఇలా ఉండదు కదా, నేను వండటంలోనే ఏదో తేడా ఉందనిపించి చదవడం మొదలుపెట్టాను.

విషయం ఏంటంటే, ఈ దుంపలో తీపి చాలావరకు వండేటప్పుడే తయారవుతుంది. బీటా-అమైలేస్ అనే ఎంజైమ్ అందులోని పిండిని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది, అది బాగా పనిచేసేది సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్యే, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. కుక్కర్‌లో, మైక్రోవేవ్‌లో దుంప ఆ దశను గబగబా దాటేస్తుంది. జపాన్‌లో వేడి గులకరాళ్ల మధ్య నిదానంగా కాల్చే యాకిఇమో అంత తియ్యగా ఉండటానికి కారణం ఇదే.

ఇది తెలిశాక కూడా ఓపిక లేక ఓవెన్‌ని ముందే 220 డిగ్రీలకు వేడిచేసి పెట్టాను. తొక్క మాడింది, నడిమధ్య గట్టిగానే ఉండిపోయింది.

మూడోసారి తొందరపడలేదు. దుంపల్ని కడిగి తుడిచి, కోయకుండా, చల్లటి ఓవెన్‌లోనే పెట్టి 160 డిగ్రీలకు తిప్పి గంటన్నర వదిలేశాను. గంట దాటాక ఇల్లంతా పాకం వాసన! కొసల నుంచి జిగురుగా రసం కారి ట్రే మీద గోధుమరంగులో గడ్డకట్టింది (కింద బేకింగ్ పేపర్ వేయండి, లేకపోతే ట్రే తోమలేక చేతులు పడిపోతాయి). విరిస్తే లోపల బంగారు రంగు, చెంచాతో తీసుకుని తినేంత మెత్తదనం. నాకు నిజంగా చాలా సంతోషమేసింది.

రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది, బెనిహారుకా తేనెలా తడిగా వస్తుంది, బెనిఅజుమా కాస్త పొడిపొడిగా ఉంటుంది. వేపుడుకి నాకు రెండోదే నచ్చింది. దాన్ని ముక్కలుగా కోసి, జిగురు పోయేలా కాసేపు నీళ్లలో వేసి, బాగా తుడిచి, నూనెలో వేయించి, చక్కెర పాకంలో దొర్లించి నల్ల నువ్వులు చల్లితే దైగాకుఇమో అనే జపాన్ తీపి వంటకం తయారు. తడి ఉంటే మాత్రం నూనె చిట్లుతుంది, జాగ్రత్త.

ఇంకో తప్పు కూడా చేశాను, పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో దాచాను. వాటికి చలి పడదు, నాలుగు రోజుల తర్వాత ఎంత కాల్చినా మధ్యలో గట్టిగానే ఉన్నాయి. ఇప్పుడు పేపర్‌లో చుట్టి, వెలుతురు తగలని చోట, 13-15 డిగ్రీలకు దగ్గరగా ఉండేలా పెడుతున్నాను. కాల్చినవైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, మర్నాడు చల్లగా తింటే వేడిగా ఉన్నప్పటికంటే నాకు ఎక్కువ నచ్చాయి.