అమ్మకి ఏ విటమిన్ సి కొనాలి?

అమ్మకి చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే డాక్టర్ గారు రోజుకి 500 మిల్లీగ్రాముల విటమిన్ సి, నెల రోజులు వాడమన్నారు. మందుల షాపులో మూడు రకాలు ముందు పెట్టేసరికి నాకు టెన్షన్ మొదలైంది.

నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే బిళ్ల అమ్మకి తెగ నచ్చింది. కానీ ఆ పొంగు తినే సోడా, సిట్రిక్ యాసిడ్ కలవడం వల్ల వచ్చేది. అంటే సోడియం. బీపీ కోసం పచ్చళ్లే మానేసిన మనిషికి, రోజూ గ్లాసులో సోడియం కలిపి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. పైగా అందులో 1000 మిల్లీగ్రాములు! డోసు పెరిగేకొద్దీ ఒంటికి పట్టే శాతం తగ్గిపోతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది.

చప్పరించే నారింజ బిళ్లల్లో సాధారణంగా కొంత సోడియం ఆస్కార్బేట్ ఉంటుంది, అది పులుపు తగ్గిన విటమిన్ సి రూపం, అందుకే పులుపు తక్కువ. కానీ చక్కెర కూడా ఉంటుంది. చిగుళ్లే బాగాలేనప్పుడు పళ్లకి అంటుకునే తీపి పులుపు ఎందుకు?

చివరికి మామూలు మింగే మాత్రే తెచ్చాను. పరగడుపున వేసుకుంటే కడుపులో మంట అంటుంది కాబట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తున్నాను.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకి రోజుకి కావాల్సింది 65 మిల్లీగ్రాములే. ఒక మంచి జామకాయలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. కోర్సు అయ్యాక మాత్ర ఆపేసి, సాయంత్రం జామకాయ ముక్కలు కోసి పెడతాను, ఉప్పూకారం లేకుండా.