పన్నెండులో రాసే ఏపీ సీటుకి అందదు

ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అమెరికా హైస్కూళ్లలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు, వాటి పరీక్షలు. అక్కడి మనవాళ్లలో కొందరు ఏపీ సైన్సులన్నీ పన్నెండో తరగతికే దాస్తారు. పరీక్షలు మేలో, స్కోర్లు జులైలో. కాలేజీల నిర్ణయాలు చాలావరకు మార్చి ఆఖరుకే వచ్చేస్తాయి. ఆ స్కోరు క్రెడిట్‌కి, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టు లెక్కవేయించుకోడానికి, పనికొస్తుందేమో గానీ సీటుకి కాదు. అప్పటికి కాలేజీలకి కనిపించేది తీసుకున్న కోర్సూ, మొదటి సెమిస్టర్ గ్రేడూ.

అందుకే వెనకనుంచి లెక్కేసుకోండి. ఇంజనీరింగ్ అయితే పన్నెండులో ఫిజిక్స్ సి, అంటే కాల్క్యులస్‌తో నడిచే ఏపీ ఫిజిక్స్. దానికి కాల్క్యులస్ ముందే అయిపోవాలి, లేదా పక్కనే నడవాలి. అంటే పదకొండులో ప్రీకాల్క్యులస్, పదిలో ఆల్జీబ్రా 2. ఏపీ కెమిస్ట్రీకి ముందు మామూలు కెమిస్ట్రీ ఒక ఏడాది చదవాల్సిందే. దాటేస్తే మోల్ లెక్కల దగ్గరే బండి ఆగిపోతుంది. ఆల్జీబ్రాతో నడిచే ఏపీ ఫిజిక్స్ 1లోకి 2024-25 నుంచి ద్రవాల పాఠం చేరింది. అన్నయ్య పాత గైడ్ అటకమీదే ఉండనివ్వండి.