అమ్మ పనికి కట్టిన లెక్క: నల్లగొండ ట్రిబ్యునల్‌లో నా అనుభవం

2023లో చిట్యాల దగ్గర విజయవాడ హైవే మీద ట్రాలీ ఆటో ఢీకొని మా అమ్మ చనిపోయింది. నష్టపరిహారం కోసం నాన్న, నాయినమ్మ, చెల్లె, నేను కలిసి నల్లగొండ జిల్లా కోర్టులో, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ముందు ఓ.పి. (క్లెయిము పిటిషన్) వేశాము. 2025లో తీర్పు వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులను మనం పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాము. అవి మా కేసులో ఎక్కడెక్కడ పనికి వచ్చాయో, వాటిని నిలబెట్టడానికి ఏయే కాగితాలు కావలసి వచ్చాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి సంగతి గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల క్లెయిము వేయాలి. కర్మకాండలు ముగిసీ ముగియకముందే ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, చార్జిషీటు, బండిని పరీక్షించిన మోటారు వాహన ఇన్‌స్పెక్టరు (ఎం.వి.ఐ.) రిపోర్టు నకళ్ల కోసం తిరగడం కష్టమే. అయినా ఆ కట్ట లేకుండా వకీలు కూడా ఏమీ చేయలేడు.

అమ్మ ఉద్యోగి కాదు. నార్కట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో బత్తాయి తోట పని, రెండు బర్రెల పాలు, ఇంటి చాకిరీ, మంచం పట్టిన నాయినమ్మ సేవ, అన్నీ ఆమెవే. పిటిషన్‌లో మాత్రం "గృహిణి" అన్న ఒక్క మాట పడింది. ఆమెకు ఆదాయమే లేదని ఆటోకు బీమా చేసిన కంపెనీ కౌంటరు వేసింది. దీనికి మా వకీలు రెండు తీర్పులు చూపించారు. 2021 జనవరి నాటి కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడమంటే ఆ శ్రమను చట్టం గుర్తించడమేనని వివరించారు. ఇంట్లో జీతం లేని పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 ప్రభుత్వ సర్వే లెక్కను అందులో ఉటంకించారు. 2024 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన కేసులోనైతే, గృహిణి ఆదాయం దినసరి కూలీ కనీస వేతనం కన్నా తక్కువ ఎట్లా అవుతుందని సుప్రీంకోర్టు ప్రశ్నించి, పరిహారాన్ని 6 లక్షలకు పెంచింది. తీర్పులు ఎంత బలంగా ఉన్నా సాక్ష్యం సాక్ష్యమే కాబట్టి, పాల కేంద్రం పుస్తకాన్ని, మహిళా సంఘం పొదుపు ఖాతాను కూడా దాఖలు చేశాము. అన్నీ చూసి ట్రిబ్యునల్ నెలకు 9,000 రూపాయలుగా నిర్ణయించింది. తోటకు కూలీలను పెడితే ఎంతవుతుందో తెలిసిన నాకు అది తక్కువే అనిపించింది.

అసలు పోరాటం వయసు దగ్గర జరిగింది. ఆధార్‌లో అమ్మ పుట్టిన తేదీ 1970 జనవరి 1. మన పల్లెల్లో ఎంతమంది జనవరి ఒకటిన పుట్టినట్టు నమోదయ్యారో అందరికీ తెలిసిందే. ఆమె ఏడో తరగతి వరకు చదివిన బడి రిజిస్టర్లో మాత్రం పుట్టిన సంవత్సరం 1974 అని ఉన్నది. ఆధార్ గుర్తింపుకే గాని పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్ ఉంటే దాన్నే తీసుకోవాలని 2024 అక్టోబరులో సరోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బడి సర్టిఫికెట్ జిరాక్సును జతచేస్తే సరిపోదు. అవతలి వకీలు దాన్ని ఒప్పుకోకపోవడంతో, అమ్మ తల్లిగారి ఊరి హెడ్‌మాస్టరుకు సమన్లు పంపించి, పాత అడ్మిషన్ రిజిస్టరుతో సహా సాక్షిగా పిలిపించవలసి వచ్చింది. బీరువా అడుగున చెదలు పట్టకుండా మిగిలిన ఆ రిజిస్టరు విలువ ఎంతో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

2017లో ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం పెట్టిన పద్ధతిలో, పర్మినెంటు ఉద్యోగం లేని 40 నుంచి 50 ఏళ్ల లోపు వారి ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కింద 25 శాతం కలుపుతారు. 50 దాటితే 10 శాతమే. 2009 నాటి సరళా వర్మ పట్టిక ప్రకారం 46 నుంచి 50 ఏళ్ల వారికి వార్షిక నష్టాన్ని 13తో హెచ్చిస్తారు. 51 నుంచి 55 వారికి 11తో. ఆధారపడిన వాళ్లం నలుగురం గనుక సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేస్తారు. 49 ఏళ్లకు ఇట్లా కడితే 13,16,250 రూపాయలు వచ్చింది. ఆధార్ వయసు 53 తీసుకుంటే అది 9,80,100 దగ్గరే ఆగేది. సాహచర్య నష్టం, అంత్యక్రియల ఖర్చు వంటివి వేరుగా కలిపారు.

నాయినమ్మ పేరు మీద కూడా అభ్యంతరం వచ్చింది: అత్త కోడలి మీద ఆధారపడినట్టు ఎట్లా అవుతుందని. అల్లుడితో కలిసి ఉంటున్న అత్తను కూడా క్లెయిముదారుగా ఒప్పుకున్న 2021 నాటి ఎన్. జయశ్రీ తీర్పు అక్కడ ఉపయోగపడింది. ఆమెను పక్కకు పెడితే ముగ్గురమే మిగిలేవాళ్లం, తీసివేత మూడో వంతు అయ్యేది.

కంపెనీ చివరి వాదన డ్రైవరు లైసెన్సు మీద. అతనికి ఎల్.ఎం.వి. (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు ఉన్నది గాని సరుకు బండి నడపడానికి ట్రాన్స్‌పోర్టు అనుమతి లేదని, కాబట్టి తాము బాధ్యులం కామని వాళ్లు అన్నారు. మా కేసు నడుస్తుండగానే, 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రంభా దేవి కేసులో ఈ ప్రశ్నను తేల్చింది: మొత్తం బరువు 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్టు వాహనాన్ని ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే నడపవచ్చు. బండి ఆర్.సి.లో బరువు అంతకన్నా చాలా తక్కువ ఉండడంతో ఆ వాదన నిలవలేదు. ఈ తీర్పు రాకపోయినా 2017 నాటి ముకుంద్ దేవాంగన్ తీర్పు ఉండనే ఉన్నది, కాని దాన్ని పునఃపరిశీలనకు పంపారన్న సాకుతో వాయిదాలు పెరిగేవి.

కంపెనీ హైకోర్టుకు వెళ్లకుండా వడ్డీతో సహా డబ్బు జమచేసింది. పరిహారాన్ని నేరుగా హక్కుదారుల బ్యాంకు ఖాతాలకే పంపడం మేలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు సూచించి ఉన్నందున, మా ఖాతాల వివరాలను ముందే దాఖలు చేశాము. నడవలేని నాయినమ్మకు ఖాతా తెరవడానికి బ్యాంకు వాళ్లను ఇంటికి రప్పించడమే ఇందులో కొంత ఆలస్యమైన పని. డ్రైవరు మీద 304-ఎ (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) కింద పెట్టిన క్రిమినల్ కేసు వేరు. అది మేజిస్ట్రేటు కోర్టులో ఇంకా నడుస్తున్నది, నాన్న సాక్ష్యం చెప్పవలసి ఉన్నది.